‘కనపడలేదు’ అంటే ‘లేదు’ అని కాదు

ఈ వారం కొత్త ఫోన్ల గురించి రాద్దామనుకున్నా. సారీ, అది వచ్చే వారానికి వాయిదా. మంగళవారం పొద్దున్నే మా మామయ్యకి సీటీ స్కాన్ ఉంది. మూడు నెలలకోసారి ఉండేదే. అయినా ఆ వారం వచ్చిందంటే మా ఇంట్లో ఎవరికీ వేరే విషయం బుర్రకెక్కదు. నాకైతే మరీను. ఎందుకంటే మామయ్య మొట్టమొదటి స్కాన్ రిపోర్టు చదివి అందరికీ తప్పు చెప్పింది నేనే.

మామయ్యది మెట్టుగూడ. లాలాగూడ రైల్వే వర్క్‌షాప్‌లో ముప్ఫయ్యేళ్లు ఫిట్టర్‌గా చేసి రిటైరయ్యాడు. బీపీ లేదు, షుగర్ లేదు, సిగరెట్ అలవాటు లేదు. పోయినేడు దీపావళి వెళ్లాక ఒక ఆదివారం వాళ్లింటికి వెళ్తే, వరండాలో ఎండకి కూర్చుని పేపర్ చదువుతున్నాడు. రెండు చేతులూ గోకి గోకి చారలు పడి ఉన్నాయి. అత్తయ్య నన్ను వంటింట్లోకి పిలిచి మెల్లగా అంది: “మీ మామ కళ్లు చూసినవా? పసుపు పూసినట్టున్నయ్. పది రోజులాయె దురద అంటున్నడు.”

“నొప్పేమన్నా ఉందా మామయ్యా?” అనడిగా. “నొప్పి లేదు, జ్వరం లేదు. వేడి చేసిందంతే రా” అన్నాడు.

నొప్పి లేదంటే మాకందరికీ ధైర్యం వచ్చింది. అసలు భయపడాల్సింది దానికేనని అప్పుడు తెలియదు.

పక్కింటాయన పచ్చకామెర్లకి పసరు పోసేచోటు చెప్పాడు. మూడు ఆదివారాలు, పరగడుపున, ఉప్పూ నూనే లేని పత్యం. నేను ఇంజనీరింగ్ చదివినవాణ్ని, ‘ఇవన్నీ ఎందుకు’ అని ఒకసారి గొణిగి ఊరుకున్నా. మూడు వారాలు పోయాయి. కళ్లు ఇంకా పచ్చబడ్డాయి. అప్పుడు దగ్గర్లోని ఒక స్కానింగ్ సెంటర్‌లో పొట్టకి అల్ట్రాసౌండ్ తీయించాం. సాయంత్రానికి పీడీఎఫ్ నా వాట్సాప్‌కి వచ్చింది.

రిపోర్టులో రెండు ముక్కలున్నాయి. ఒకటి: లివర్ లోపలి పిత్తనాళాలు కొంచెం ఉబ్బి ఉన్నాయి, మెయిన్ డక్ట్ 11 మిల్లీమీటర్లు, దాని కింది భాగం పేగుల్లో గ్యాస్ వల్ల కనపడలేదు. రెండు: కనిపించినంత వరకు రాళ్లు లేవు.

నేను ఫ్యామిలీ గ్రూప్‌లో ఏం పెట్టానో తెలుసా? “రాళ్లు లేవు, గడ్డలు లేవు. అంతా క్లియర్.” పక్కన ఒక బొటనవేలు ఎమోజీ.

గడ్డలు లేవని రిపోర్టులో ఎక్కడా లేదు. అది నేను కలిపిన మాట. ఆ మెసేజ్ వల్ల ఇంకో పన్నెండు రోజులు పోయాయి.

పెన్నుతో గీసిన గీత

మామయ్య నాలుగు కిలోలు తగ్గాక, ఒక పెద్దాస్పత్రిలో గ్యాస్ట్రో డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లా. ఆవిడ కళ్లు చూశారు, మూడే ప్రశ్నలు అడిగారు. మూత్రం ఏ రంగులో వస్తోంది? మలం ఏ రంగులో ఉంది? దురద ఉందా? మామయ్య సిగ్గుపడుతూనే చెప్పాడు. మూత్రం డికాక్షన్‌లా ఉంది. మలం సుద్దముక్క రంగులో ఉంది. దురదతో రాత్రిళ్లు నిద్ర లేదు.

తర్వాత నా ఫోన్‌లోని పీడీఎఫ్ అడిగి, ఇచ్చిన ప్రింటులో ‘కనపడలేదు’ అన్న మాట కింద పెన్నుతో గీత గీశారు. “వాళ్లు చూడలేకపోయామని రాశారు. మీరు ఏమీ లేదని చదివారు” అన్నారు. కోపంగా అనలేదు. అలా చదివేవాళ్లు రోజూ వస్తారేమో.

మా ఆఫీసులో ఒకసారి రాత్రంతా డ్యాష్‌బోర్డ్ పచ్చగా వెలిగింది. ఒక్క ఎర్రర్ లేదు. పొద్దున చూస్తే ఎర్రర్లు పంపాల్సిన ప్రోగ్రామే ఆగిపోయి ఉంది. జీరోకీ నల్‌కీ తేడా తెలియనివాణ్ని ఇంటర్వ్యూలో నేనే ఫెయిల్ చేస్తా. జీరో అంటే లెక్కపెట్టాం, ఏమీ లేదని తేలింది. నల్ అంటే అసలు లెక్కే పెట్టలేదు. ఆ రిపోర్టులో ఉన్నది నల్. నేను చదివింది జీరో.

పైపు ఎక్కడ మూసుకుంది?

లివర్ రోజూ ముప్పావు లీటరు దాకా పైత్యరసం తయారు చేస్తుంది. సన్నసన్న కాలవలన్నీ కలిసి రెండు పెద్ద కాలవలై, ఆ రెండూ కలిసి ఒకే పైపై చిన్నపేగులోకి దిగుతాయి. గాల్ బ్లాడర్ పక్కన ఉన్న చిన్న ట్యాంకు లాంటిది. మెయిన్ పైపు వెడల్పు మామూలుగా ఆరేడు మిల్లీమీటర్లు మించదు. మామయ్యకి 11 ఉంది. కింద ఎక్కడో అడ్డం పడితేనే పైన పైపు ఉబ్బుతుంది. ఇది ఫిట్టర్‌కి చెప్పాల్సిన పని లేదు. డాక్టర్ బొమ్మ వేసి చూపిస్తే మామయ్యే అన్నాడు: “అంటే బ్లాకేజీ కింద ఉన్నట్టే కదమ్మా.”

రసం పేగులోకి దిగకపోతే మలానికి రంగు రాదు. వెనక్కి రక్తంలోకి పోయి మూత్రాన్ని నల్లబరుస్తుంది, ఒళ్లంతా దురద పెడుతుంది. రక్త పరీక్షలో డైరెక్ట్ బిలిరుబిన్, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ బాగా పెరుగుతాయి. వైరస్ వల్ల వచ్చే కామెర్లలో మాత్రం ఎక్కువగా ఎస్‌జీపీటీ ఆకాశానికి అంటుతుంది. వైరస్ కామెర్లు, ముఖ్యంగా హెపటైటిస్ ఏ, చాలామందిలో కొన్ని వారాలకి వాటంతటవే తగ్గిపోతాయి. పసరుకి పేరొచ్చింది అక్కడే. మూసుకున్న పైపుని పసరు తెరవలేదు.

ఆ అడ్డం రాయి కావచ్చు, వాపు కావచ్చు, పక్కనున్న పాంక్రియాస్ గడ్డ కావచ్చు, పిత్తనాళం గోడలోనే పుట్టిన క్యాన్సర్ కావచ్చు. ఆ చివరిదాన్ని కొలాంజియోకార్సినోమా అంటారు. లివర్ లోపల పుడితే చాలా కాలం కామెర్లు కూడా రావు. రెండు పెద్ద కాలవలు కలిసేచోట పుట్టేదాన్ని క్లాట్‌స్కిన్ ట్యూమర్ అంటారు. జెరాల్డ్ క్లాట్‌స్కిన్ అనే అమెరికన్ డాక్టర్ 1965లో అలాంటి 13 కేసుల గురించి రాశారు. మూడోది పైపు కింది కొసన పుట్టేది. అరుదైన జబ్బే. కానీ కనిపెట్టేసరికి చాలామందికి ఆపరేషన్ దశ దాటిపోయి ఉంటుంది. అందుకే ఇక్కడ వారాలు లెక్కలోకి వస్తాయి.

ఏ స్కాన్ ఏం చూస్తుంది?

అల్ట్రాసౌండ్ మంచి పరీక్షే. చవక, సూది లేదు, రేడియేషన్ లేదు. పైపు ఉబ్బిందని ముందు చెప్పింది అదే. కానీ శబ్ద తరంగాలు గాలిలోంచి పోలేవు. పైపు కింది కొస సరిగ్గా చిన్నపేగు వెనక నక్కి ఉంటుంది. పేగులో గ్యాస్ ఉంటే తెర దించినట్టే. అంటే మా రిపోర్టు రాసినాయన నిజాయతీగానే రాశాడు.

సీటీ సంగతి వేరే. దాన్ని తయారు చేసిన గాడ్‌ఫ్రీ హౌన్స్‌ఫీల్డ్ డాక్టర్ కాదు, మనలాంటి ఇంజనీరు. బీటిల్స్ రికార్డులు అమ్మిన ఈఎంఐ కంపెనీలో కంప్యూటర్ల మీద పనిచేసేవాడు. 1971 అక్టోబర్ 1న లండన్‌లో ఒక మనిషి మెదడుని మొదటిసారి స్కాన్ చేశారు. 1979లో నోబెల్ వచ్చింది. సీటీలో ప్రతి చుక్కకీ ఒక నంబరు. నీటికి 0, గాలికి మైనస్ 1000. చిక్కేంటంటే, క్యాన్సర్‌కీ చుట్టూ ఉన్న కండకీ నంబర్లు దగ్గర దగ్గరగా ఉంటాయి. అందుకే నరంలోకి కాంట్రాస్ట్ మందు ఎక్కించి, కొన్ని సెకన్లకి ఒకసారి, నిమిషం దాటాక ఒకసారి, కొన్ని నిమిషాలాగి ఇంకోసారి బొమ్మ తీస్తారు. పిత్తనాళ క్యాన్సర్‌లో పీచు ఎక్కువ. మందుని మెల్లగా పీల్చి, మెల్లగా వదులుతుంది. తొందరపడి ముందు తీసిన బొమ్మలో దొరకనిది ఆలస్యంగా తీసిన బొమ్మలో వెలగొచ్చు. గడ్డ పక్కనున్న రక్తనాళాలని పట్టుకుందా, లివర్‌లోకి పాకిందా అని చెప్పేది కూడా సీటీయే. ఆపరేషన్ అవుతుందా కాదా అన్నది దాంట్లోనే చాలావరకు తేలుతుంది.

ఎంఆర్‌సీపీ ఎంఆర్ఐలోనే ఒక రకం. 1991లో జర్మనీ డాక్టర్లు మొదటిసారి దీని గురించి రాశారు. కదలకుండా నిలిచి ఉన్న నీరు తెల్లగా మెరిసేలా, మిగతాదంతా నల్లగా పోయేలా మెషీన్‌ని సెట్ చేస్తారు. రేడియేషన్ లేదు. పైపుల బొమ్మ వరకైతే కాంట్రాస్ట్ కూడా అక్కర్లేదు. మామయ్య ఎంఆర్‌సీపీ స్క్రీన్ మీద చూశా. చీకట్లో ఆకులు రాలిన వేపచెట్టులా ఉంది. కొమ్మలన్నీ లావుగా ఉబ్బి ఉన్నాయి. మాను కిందికొచ్చి, ఒక చోట కత్తితో కోసినట్టు ఆగిపోయింది. రాయి ఉంటే గుండ్రటి నల్ల మచ్చ కనిపించేదట. ఇక్కడ అలాంటిదేం లేదు.

డాక్టర్ గట్టిగా చెప్పిన ఇంకో మాట మీరూ గుర్తుపెట్టుకోండి. కామెర్లు తగ్గించడానికి పైపులో స్టెంట్ వేస్తారు. క్యాన్సర్ అనుమానం ఉండి, ఎమర్జెన్సీ లేకపోతే, స్టెంట్‌కి ముందే సీటీ, ఎంఆర్‌సీపీ అయిపోవాలి. స్టెంట్ పడ్డాక ఉబ్బిన నాళాలు ముడుచుకుంటాయి, చుట్టూ వాపు వస్తుంది. అసలు బొమ్మ చెడిపోతుంది. మన భాషలో చెప్పాలంటే, లాగ్ సేవ్ చేయకుండా సర్వర్ రీస్టార్ట్ కొట్టినట్టు.

నెగెటివ్ వచ్చింది, అయినా...

మామయ్య బిలిరుబిన్ 18 దాటింది. స్కాన్లయ్యాక ఈఆర్‌సీపీ చేశారు. నోట్లోంచి ఎండోస్కోప్ దింపి, పైపు మూతి దగ్గరికి చేరి, ఎక్స్‌రేలో చూస్తూ స్టెంట్ పెట్టే పద్ధతి. 1968లో అమెరికాలో మొదలైంది. ఎంఆర్‌సీపీ వచ్చాక ఈఆర్‌సీపీని బొమ్మ కోసం వాడటం తగ్గి, వైద్యం కోసం వాడటం పెరిగింది. ఈ విద్యలో మన హైదరాబాద్‌కి పెద్ద పేరే ఉంది. కర్నూలు మెడికల్ కాలేజీలో చదివిన డాక్టర్ డి. నాగేశ్వర్ రెడ్డి ఇక్కడ పెట్టిన ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీకి ఎండోస్కోపీ నేర్చుకోవడానికి బయటి దేశాల డాక్టర్లు వస్తారు. ఆయనకి 2025లో పద్మవిభూషణ్ వచ్చింది.

స్టెంట్ వేసేటప్పుడే చిన్న బ్రష్‌తో పైపు గోడని గీకి ల్యాబ్‌కి పంపారు. నాలుగు రోజులకి రిజల్ట్: క్యాన్సర్ కణాలు కనపడలేదు.

అత్తయ్య దేవుడి గదిలోకి పరిగెత్తింది. నా వేళ్లు ఫోన్ మీదికి పోయాయి. ఈసారి టైప్ చేయలేదు. వెళ్లి డాక్టర్‌ని అడిగా: “కనపడలేదంటే లేదనా మేడమ్?”

నవ్వారు. క్యాన్సర్ ఉన్నవాళ్లలో కూడా దాదాపు సగం మందికి ఈ బ్రష్‌లో కణాలు చిక్కవట. గడ్డలో పీచు ఎక్కువ, కణాలు తక్కువ. సీఏ 19-9 రక్త పరీక్షదీ ఇదే తంతు. పైపు మూసుకుంటే క్యాన్సర్ లేకున్నా అది పెరుగుతుంది. నూటికి ఐదు నుంచి పది మంది శరీరాల్లో అది అసలు తయారే కాదు. వాళ్లకి క్యాన్సర్ ఉన్నా అంకె మామూలుగానే చూపిస్తుంది.

దీనికి ఉల్టా కూడా ఉంది. స్కాన్‌లో అచ్చం క్యాన్సర్‌లా కనిపించి, క్యాన్సర్ కానిది. ఐజీజీ4 అనే వాపు జబ్బు పైపుని అలాగే బిగిస్తుంది, కానీ స్టెరాయిడ్ మాత్రలకి కరుగుతుంది. అందుకని మామయ్యకి ఆ రక్త పరీక్ష కూడా చేశారు. నార్మల్. సర్జన్, రేడియాలజిస్ట్, గ్యాస్ట్రో డాక్టర్ ముగ్గురూ కూర్చుని బొమ్మలన్నీ మళ్లీ చూశారు. బ్రష్ ఏం చెప్పినా ఈ బొమ్మని నమ్మి ఆపరేషన్ చేయాలన్నారు.

జనవరిలో విపుల్ ఆపరేషన్ జరిగింది. పాంక్రియాస్ తల, చిన్నపేగు మొదటి భాగం, గాల్ బ్లాడర్, పిత్తనాళం కింది భాగం తీసేసి మిగతావి మళ్లీ కలుపుతారు. ఏడు గంటలు పట్టింది. బయాప్సీ రిపోర్టులో క్యాన్సర్ అని వచ్చింది. పిత్తనాళం కింది కొసది. రక్తనాళాలని ఇంకా ముట్టుకోలేదు. “ఇంకొంత ఆగి ఉంటే?” అని సర్జన్‌ని అడిగా. ఆయన జవాబు చెప్పకుండా నా భుజం తట్టి వెళ్లిపోయారు. ఆ ఐదు వారాలు నేను ఇప్పటికీ లెక్కపెడుతూనే ఉంటా.

సికింద్రాబాద్ దోమ

ఆపరేషన్ రోజుల్లో బేగంపేట మీదుగా తిరుగుతుంటే రోనాల్డ్ రాస్ బిల్డింగ్ కనిపించేది. మలేరియా గుట్టు విప్పింది ఇక్కడే అని స్కూల్లో చదువుకున్నాం. అంతకుముందు జరిగింది మాత్రం నాకిప్పుడే తెలిసింది. రాస్ 1895 నుంచి రెండేళ్లు దోమల్ని కోసి మైక్రోస్కోప్ కింద పెట్టి చూశాడు. ఏమీ కనపడలేదు. ఎందుకంటే ఆయన చూస్తున్నది వేరే జాతి దోమల్ని. 1897 ఆగస్టు 20న, మచ్చల రెక్కల అనాఫిలిస్ దోమ పొట్టలో దొరికింది. ‘కనపడలేదు’ దగ్గర ఆగిపోయి, ‘దోమలో ఏమీ లేదు’ అని రాసేసి ఉంటే కథ అక్కడితో అయిపోయేది.

ఆయన ఆ మాటని ఇంకో ప్రశ్నగా మార్చుకున్నాడు: సరైన చోట చూశానా? మనమూ రిపోర్టు పట్టుకుని అడగాల్సింది ఇదే.

మీ ఫోన్‌కి రిపోర్టు వస్తే

నేను డాక్టర్ని కాను. రిపోర్టు చదవడంలో ఒకసారి ఘోరంగా ఫెయిలైన ఇంజనీర్ని. ఆ అనుభవంతో చెప్తున్నా.

ఒకటి: చివరి లైన్ మాత్రమే చదవొద్దు. ‘విజువలైజ్ కాలేదు’, ‘అబ్స్క్యూర్డ్’, ‘లిమిటెడ్ స్టడీ’ లాంటి మాటలు ఎక్కడున్నాయో వెతకండి. ఉంటే డాక్టర్‌ని అడగండి: దాన్ని చూడాలంటే ఏ పరీక్ష కావాలి?

రెండు: స్కాన్ ఫిల్మ్ ఫొటో తీసి వాట్సాప్‌లో పంపితే సరిపోదు. సీటీ, ఎంఆర్ఐలలో వందల ముక్కల బొమ్మలుంటాయి. వాటిని డాక్టర్ పైకీ కిందికీ జరుపుతూ చూడాలి. డైకామ్ ఫైళ్లున్న సీడీనో, లింకో అడిగి తీసుకోండి. ఇంకో ఆస్పత్రికి వెళ్తే మళ్లీ స్కాన్ ఖర్చు తప్పొచ్చు.

మూడు: నొప్పి లేని కామెర్లు, సుద్ద రంగు మలం, ఒళ్లంతా దురద. ముఖ్యంగా యాభై దాటినవాళ్లలో ఇవి కనిపిస్తే పసరుకీ పత్యానికీ టైమ్ ఇవ్వొద్దు. ప్రైవేటుకి వెళ్లలేకపోతే గాంధీ, ఉస్మానియా, నిమ్స్‌లో గ్యాస్ట్రో విభాగాలున్నాయి.

నాలుగు: ఇది చదివి భయపడి ఫుల్ బాడీ స్కాన్ ప్యాకేజీ బుక్ చేసుకోకండి. ఏ లక్షణమూ లేని అందరికీ స్కాన్ చేయడం మన దగ్గర ఈ జబ్బుకి పద్ధతి కాదు. ఈశాన్య థాయ్‌లాండ్‌లో పచ్చి చెరువు చేపలు తినడం వల్ల లివర్‌లోకి పురుగు చేరి ఈ క్యాన్సర్ ప్రపంచంలోనే అత్యధికంగా వస్తుంది. అందుకే ఖోన్ కేన్ యూనివర్సిటీ వాళ్లు 2013 నుంచి అక్కడి జనానికి అల్ట్రాసౌండ్ చేస్తున్నారు. మన దగ్గర పిత్తనాళాల్లో పుట్టుకతో వచ్చిన తిత్తులు, పీఎస్‌సీ అనే నాళాల వాపు జబ్బు, లివర్ లోపల రాళ్లు, సిర్రోసిస్, హెపటైటిస్ బీ లేదా సీ ఉన్నవాళ్లు తమ డాక్టర్‌ని అడగాలి.

“ఏఐకి అప్‌లోడ్ చేస్తే చెప్పేస్తుంది కదా?” అని ఫ్రెండ్స్ అడుగుతారు. నేను ఏఐ మీదే పనిచేస్తా. ఆ పాత రిపోర్టుని ఈ మధ్య ఒక చాట్‌బాట్‌లో పెట్టి చూశా. చక్కగా వివరించింది, డాక్టర్‌ని కలవమని కూడా చెప్పింది. ఆ రోజు నేను చెప్పినదానికంటే నయమే. కానీ గ్యాస్ వెనక ఏముందో దానికీ తెలియదు. తీయని బొమ్మని ఏ మోడలూ చదవలేదు. పైగా ఇది అరుదైన జబ్బు. మోడల్‌కి నేర్పడానికి బొమ్మలే తక్కువ.

మంగళవారం

మామయ్యకి ఆరు నెలలు కెపాసిటబిన్ మాత్రలు వాడారు. అరచేతులు, అరికాళ్లు మండి చర్మం ఊడింది. ఇప్పుడు నయం. తొమ్మిది కిలోలు తగ్గినవాడు ఐదు కిలోలు పుంజుకున్నాడు. పొద్దున మెట్టుగూడ నుంచి ఆలుగడ్డబావి దాకా నడిచొస్తున్నాడు.

నిన్న ఫోన్ చేశాడు. “మంగళవారం నువ్వొస్తున్నవ్ కదరా?”

“వస్తా మామయ్యా.”

“రిపోర్టు గ్రూపుల పెట్టకు. ముందు నాకు చదివి చెప్పు.” కాసేపాగి, “మొత్తం చదువు. ఏం చూశిర్రు, ఏం చూడలే, రెండూ చెప్పు” అన్నాడు.

ఆ పన్నెండు రోజుల గురించి మామయ్య నన్ను ఇంతవరకు ఒక్క మాట అనలేదు. నిన్న ఆ చివరి మాటతో మాత్రం అర్థమైంది, ఆయనకి అంతా తెలుసు.

ఫోన్ల సంగతి వచ్చే వారం.